ముప్పై రెండు తలుపుల ఇల్లు

ఈసారి పోస్టు పెద్దదే. బస్సులో కునికిపాట్లు పడుతూ కాదు, సెలవు రోజున టీ తాగుతూ నింపాదిగా చదవండి.

నేను సరవాక్‌లో ఉన్నానని కొందరికి తెలుసు. తెలియనివాళ్లకి చెప్తున్నాను. మలేషియా అనగానే మనవాళ్లకి కౌలాలంపూరు, పెనాంగ్ గుర్తొస్తాయి. సరవాక్ ఆ నేలకి ఆనుకుని లేదు. మధ్యలో దక్షిణ చైనా సముద్రం ఉంది. బోర్నియో అనే పెద్ద దీవిలో వాయవ్యం పక్కన ఉంటుంది. ఒకే దేశమైనా కౌలాలంపూరు నుంచి ఇక్కడ దిగితే మళ్లీ పాస్‌పోర్టు చూపించి ముద్ర వేయించుకోవాలి. నాది బింటులు దగ్గర వెల్డింగు పని. అంతకు ముందు ఏడేళ్లు గల్ఫ్‌లో చేశాను. ఊరు శ్రీకాకుళం జిల్లా.

మా సైటులో స్కాఫోల్డింగు కట్టే కుర్రాళ్లలో సగం మంది ఇబాన్లు. సరవాక్‌లో అందరికన్నా ఎక్కువ జనాభా ఉన్న తెగ వాళ్లదే. వాళ్లలో ఒకడు నాకు దగ్గరయ్యాడు. నన్ను 'వై' అంటాడు, వాళ్ల భాషలో నేస్తం అని. పోయిన మే నెల చివర్న 'వై, గావాయ్‌కి మా ఇంటికి రండి, మీరు నలుగురూ' అన్నాడు. నలుగురం అంటే నేను, మా రూములోని బొబ్బిలి తమ్ముడు, ఒక తమిళ ఫిట్టరు, ఒక బంగ్లాదేశీ పెయింటరు. 'మీ ఇంట్లో చోటుంటుందా' అని అడిగాను. నవ్వి, 'మా ఇంటికి ముప్పై రెండు తలుపులు' అన్నాడు.

ఏదో బడాయి కబురు అనుకున్నాను. కానీ ఇక్కడ లెక్కే అది. ఇల్లెంత పెద్దది అని ఎవరూ అడగరు, ఎన్ని తలుపులు అని అడుగుతారు.

రెండు గంటలు పికప్ వెనక కూర్చుని వెళ్లాం. దారి పొడుగునా పామాయిల్ తోటలే. ఎర్ర కంకర రోడ్డు దిగాక చిన్న ఏరు, ఏటి ఒడ్డున ఒకటే ఇల్లు. ఒకటే కప్పు. అటు చివర నుంచి ఇటు చివరకి చూస్తే మా ఊరి రైలు ప్లాట్‌ఫారం గుర్తొచ్చింది. ఇబాన్ భాషలో దాన్ని 'రుమా పంజాయ్' అంటారు, అంటే పొడుగిల్లు. ముప్పై రెండు కుటుంబాలు ఆ ఒక్క కప్పు కిందే ఉంటాయి. ఒకప్పుడు నేల మీద ఎత్తయిన గుంజలు పాతి, వాటి మీద కట్టేవాళ్లు. గుంజలకి బెలియాన్ అనే కర్ర వాడేవాళ్లు, ఇనుమంత గట్టిది. పైకెక్కడానికి గంట్లు పెట్టిన దుంగే నిచ్చెన. ఇప్పుడు ఈ ఇంటికి కింద సిమెంటు, టైల్సు, పైన రేకులు. కానీ లోపలి పద్ధతి మారలేదు.

ఆ పద్ధతి ముందు చెప్పాలి, మిగతా కథంతా దాని మీదే ఉంది. ఇంటిని పొడుగునా సగానికి కోసినట్టు ఊహించుకోండి. వెనక సగం వరుసగా గోడలు పెట్టి వాటాలు చేస్తారు. ఒక్కో వాటా ఒక్కో కుటుంబానిది, దాన్ని బిలెక్ అంటారు. వంట, పడక, దాచుకున్న సొమ్ము అన్నీ అక్కడే. ముందు సగానికి మాత్రం అడ్డు గోడ ఉండదు. ఈ చివర నుంచి ఆ చివరకి ఒకటే నడవా. దాని పేరు రువాయ్. నడవాకి బయట కప్పులేని అరుగు ఉంటుంది, దాని పేరు తంజు, మన కళ్లం లాగ వడ్లు ఎండబెట్టుకుంటారు. పైన అటక ఉంటుంది, అందులో ధాన్యం, చాపలు, బుట్టలు.

మా సీతంపేట ఏజెన్సీలో సవరల ఊళ్లు చూసినవాళ్లకి ఇది కొంత అర్థమవుతుంది. అక్కడా ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని వరసగా, ఒకే కప్పు కింద ఉన్నట్టుంటాయి, ముందు పొడుగాటి అరుగు ఉంటుంది. కాకపోతే ఇక్కడ ఊరు మొత్తం ఒకటే వరస.

బయటి నుంచి చూస్తే అంతా ఉమ్మడి ఆస్తి, ఉమ్మడి వంట అనుకుంటాం. ఇంగ్లీషువాళ్లూ మొదట అలాగే అనుకున్నారు. 1949 నుంచి 1951 దాకా డెరెక్ ఫ్రీమన్ అనే న్యూజిలాండ్ పరిశోధకుడు బాలె నది పక్క ఇబాన్ల మధ్యనే ఉండి, లెక్కలన్నీ రాసుకుని, అది నిజం కాదని తేల్చాడు. ఏ కుటుంబం పొలం ఆ కుటుంబానిదే, ఎవరి ధాన్యం వాళ్లదే. తన వాటా ముందున్న నడవా ముక్క కూడా ఆ కుటుంబం కట్టుకున్నదే. కానీ అక్కడ నడవకూడదని, కూర్చోకూడదని ఎవరినీ అనడానికి లేదు. సొంతం తనది, వాడకం అందరిది. ఆ ఒక్క ముక్క నాకు బాగా పట్టుకుంది.

ఇంకోటి. వాళ్లలో పెళ్లయ్యాక పిల్ల అత్తారింటికే పోవాలని లేదు. పిల్లాడే పిల్ల వాటాకి రావచ్చు. రెండూ మర్యాదే. మా స్కాఫోల్డింగు కుర్రాడు అలా వచ్చినవాడే. మన దగ్గరైతే 'ఇల్లరికం' అని జీవితాంతం ఎత్తిపొడుస్తారు.

ఇంటికి ఒక పెద్ద ఉంటాడు, తువాయ్ రుమా. అతను రాజు కాదు, ఎవరినీ హుకుం చేయలేడు. తగువొస్తే నడవాలో అందరినీ కూర్చోబెట్టి ఆచారం ప్రకారం తప్పు వేయిస్తాడు. నచ్చనివాళ్లు తమ వాటా పలకలు ఊడదీసుకుని ఇంకో పొడుగింటికి పోవచ్చు. పాత రోజుల్లో అలా పోయినవాళ్లు చాలామంది ఉన్నారట.

మరి ఇంత పొడుగిల్లు ఎందుకు కట్టారు? మొదటి కారణం భయం. ఇబాన్లు నాలుగైదు వందల ఏళ్ల కిందట ఇప్పటి ఇండోనేషియా వైపున్న కపువాస్ నది లోయ నుంచి కొండలు దాటి ఇటు వచ్చారు. పోడు వ్యవసాయం కాబట్టి కొత్త అడవి కోసం జరుగుతూనే ఉండాలి. జరిగిన చోటల్లా అప్పటికే ఎవరో ఉంటారు. దాడులు, ఎదురుదాడులు, తలలు నరకడం. విడివిడిగా గుడిసెలు వేసుకుంటే ఒక్కొక్కటీ తగలబడిపోతుంది. ఎత్తు మీద కలిసి ఉండి, రాత్రి నిచ్చెన పైకి లాక్కుంటే కొంత ధైర్యం.

ఆ తలలు ఇంకా ఉన్నాయి. పెద్దాయన వాటా ముందు నడవా వాసానికి వెదురు బుట్టలో నల్లగా పొగచూరి వేలాడుతున్నాయి. బొబ్బిలి తమ్ముడు చూసి 'ఏటి బావా ఇవి, కొబ్బరికాయలా?' అన్నాడు. చెప్పాక ఆ రాత్రంతా నా పక్క నుంచి కదల్లేదు.

ఆ తలల దగ్గర నుంచే సరవాక్ చరిత్ర మొదలుపెట్టొచ్చు. జేమ్స్ బ్రూక్ అనే ఇంగ్లీషువాడు 1803లో మన దేశంలోనే పుట్టాడు. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి, మొదటి బర్మా యుద్ధంలో దెబ్బ తిని తిరిగెళ్లాడు. తండ్రి ఆస్తితో ఒక ఓడ కొనుక్కుని 1839లో కూచింగ్ వచ్చాడు. అప్పుడు ఇది బ్రూనై సుల్తాను కింద ఉండేది. తిరుగుబాటు అణచడానికి సాయం చేసినందుకు 1841లో ఈ నేల అతని చేతికొచ్చింది. అప్పటి నుంచి 1946 వరకు ఒక ఇంగ్లీషు కుటుంబమే ఇక్కడ రాజులు. తెల్ల రాజాలు అంటారు. బింటులు 1861లో వాళ్ల చేతికొచ్చింది.

బ్రూక్ దొరలు తలలు నరకడం మాన్పించామని చెప్పుకున్నారు. కొంత నిజమే. కానీ ఎలా మాన్పించారో కూడా చెప్పుకోవాలి. 1849 జులై చివర్న బెతింగ్ మారు అనే చోట, రాత్రి పూట, బ్రిటిష్ నౌకాదళం, ఆవిరి ఓడ తోడుగా ఇబాన్ పడవల మీద విరుచుకుపడ్డారు. వందల మంది పోయారు. అది ఎంత అల్లరి అయిందంటే 1854లో సింగపూరులో బ్రూక్ మీద విచారణ సంఘం వేశారు. అతనేం శిక్ష పడకుండానే బయటపడ్డాడు. సాదోక్ కొండ మీద కోట కట్టుకుని రెంతాప్ అనే ఇబాన్ నాయకుడు ఏళ్ల తరబడి ఎదిరించాడు. 1861లో ఆ కోటా పోయింది. ఆ యుద్ధాల్లో దొరల వెంట నడిచిందీ ఎక్కువగా ఇబాన్లే. ఒక ఏటివాళ్లని ఇంకో ఏటివాళ్ల మీదకి పంపారు. మన్యంలోనూ ఈ కథ మనకి కొత్త కాదు.

తర్వాత పన్ను వచ్చింది. మనిషికి కాదు, తలుపుకి. ఇన్ని తలుపులకి ఇంత అని వసూలు. దొరకి లెక్కపెట్టుకోవడానికి పొడుగిల్లు మా సులువుగా ఉండేది. నేస్తం 'ముప్పై రెండు తలుపులు' అని గర్వంగా చెప్పిన లెక్కే దొర పుస్తకంలో పన్ను లెక్క.

1941 డిసెంబరులో జపాన్ సైన్యం వచ్చింది. 1945లో మిత్రపక్షాలవాళ్లు విమానాల్లోంచి దిగి లోపలి కొండల్లోని తెగల్ని కూడగట్టారు. ఇన్నాళ్లూ తప్పు అని కొట్టి మాన్పించిన పనే అప్పుడు జపానువాళ్ల మీద చేస్తే వద్దనలేదు. 1946లో బ్రూక్ వంశంవాడు సరవాక్‌ని బ్రిటన్‌కి అప్పగించాడు. 1963 సెప్టెంబరు 16న మలేషియాలో కలిసింది.

చరిత్ర పాఠం చాలు, మళ్లీ ఇంట్లోకి రండి. మేం వెళ్లింది మే 31 సాయంత్రం. చీకటి పడుతుండగా ఇద్దరు గుంటలు ఒక చేట లాంటిది తాడు కట్టి నడవా పొడుగునా ఈడ్చుకుంటూ వచ్చారు. ప్రతి తలుపు దగ్గర ఎవరో ఒకరు బయటికొచ్చి పనికిరాని వస్తువు ఏదో ఒకటి అందులో పడేశారు. చిరిగిన చొక్కా, పగిలిన గిన్నె, పాత చెప్పు. చివరకి తీసుకెళ్లి బయట పారేశారు. ఆశపోతు దెయ్యాన్ని తరమడం అట, ఏడాదంతా ఇంట్లో లోటు రాకుండా. మన భోగి మంట గుర్తురాలేదూ? నా జేబులో క్యాంటీన్ బాకీ చీటీ ఉంది. అది వేశాను. బాకీ అలాగే ఉంది గానీ వేసినందుకు బాగానే అనిపించింది.

తర్వాత పళ్లేల్లో అన్నం, గుడ్డు, పేలాలు, తమలపాకు సర్ది దేవతలకి పెట్టారు. ఆ ఇంట్లో చాలామంది క్రైస్తవులు, గోడ మీద సిలువ ఉంది. అయినా ఈ పళ్లేలు పెట్టారు. అది పండగ ఆచారం అన్నారు. నేను ఇంకేం అడగలేదు.

ఈ పండగకి సెలవు కూడా అడిగి తెచ్చుకున్నదే. ఇంగ్లీషు పాలనలో తమకొక రోజు కావాలని దయాక్‌లు అడిగితే ఇవ్వలేదు. 1964 సెప్టెంబరులో గాని గెజిట్‌లో వేయలేదు. 1965 జూన్ 1న మొదటి అధికారిక గావాయ్ జరిగింది. కోతలు అయిపోయాక చేసుకునే పండగ.

భోజనంలో కోడిని వెదురు బొంగులో కుక్కి నిప్పుల మీద కాల్చారు. అరకు, మారేడుమిల్లి వెళ్లినవాళ్లు నోరూరించుకోండి, అదే బొంగులో చికెన్. మసాలా వేరు, కారం లేదు. తమిళ ఫిట్టరు దాచి తెచ్చిన నిమ్మకాయ పచ్చడి తీశాడు. పది నిమిషాల్లో సీసా ఖాళీ. బియ్యంతో కాచే తువాక్ అనే కల్లు ప్రతి తలుపువాళ్లూ తెచ్చి పోస్తారు. పుచ్చుకోనివాళ్లు గ్లాసు వేలితో ముట్టుకుంటే చాలు, బలవంతం లేదు. మా పెయింటరు అలాగే ముట్టుకుని, రాత్రంతా నారింజ రసం తాగాడు. ఎవరూ ఏమీ అనలేదు. పన్నెండు గంటలకి గంటలు మోగించి 'గాయు గురు గెరాయ్ న్యామాయ్' అని కేకలు వేశారు. ఆయుష్షు, ఆరోగ్యం, సుఖం కలగాలని.

ఆ తర్వాతే నేను ఈ పోస్టు రాయడానికి కారణమైన కబురు జరిగింది.

నేస్తం వాళ్ల తాత నా పక్కన కూర్చున్నాడు. రెండు భుజాల మీద రెండు నల్లటి పచ్చబొట్లు. 'ఏం పువ్వు తాతా?' అని అడిగితే వంకాయ పువ్వు అన్నాడు. మధ్యలో సుడి తిరిగిన గీత ఉంటుంది, అది ప్రాణం తాడు అట. ఇంటి నుంచి మొదటిసారి బయలుదేరే కుర్రాడికి పొడిచే పచ్చబొట్టు అది.

బయలుదేరడానికి వాళ్ల మాట బెజలాయ్. మాటకి నడవడం అనే అర్థం. కానీ దాని వెనక పెద్ద ఆచారం ఉంది. పెళ్లీడు వచ్చిన మగపిల్లాడు ఇల్లు వదిలి నెలలో ఏళ్లో తిరిగి, పనిచేసి, ఏదో ఒకటి సంపాదించి తిరిగి రావాలి. పూర్వం అడవుల్లో బంక, రతన్ బెత్తాలు సేకరించడానికి పోయేవాళ్లు. 1910లో మిరిలో చమురు పడ్డాక అటు పోయారు. తర్వాత కలప క్యాంపులు, సింగపూరు, జొహోర్ ఓడల యార్డులు, సముద్రం మీద రిగ్గులు. 1948లో మలయాలో ఎమర్జెన్సీ వచ్చినప్పుడు అడవిలో జాడలు తీయడానికి ఇబాన్లని బ్రిటిష్ సైన్యం తీసుకెళ్లింది. తిరిగొచ్చేటప్పుడు పెద్ద చైనా జాడీలో, కంచు గంటలో కొని తెచ్చేవాళ్లు. తాత వాటాలో నా నడుమెత్తు జాడీ ఒకటి ఉంది. కొన్నేళ్ల కూలి అంతా అదే అన్నాడు.

ఇక్కడ వినండి. తిరిగొచ్చినవాడు సరాసరి తన వాటాలోకి పోయి తలుపేసుకోకూడదు. ముందు నడవాలో కూర్చోవాలి. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరతారు. ఎక్కడికి పోయాడు, ఏం పని చేశాడు, ఎవరు మోసం చేశారు, ఎవరు అన్నం పెట్టారు, కూడా వెళ్లినవాళ్లలో ఎవరు పోయారు, అన్నీ చెప్పాలి. ఆ కబుర్లు విని తర్వాతి కుర్రాళ్లు ఎటు పోవాలో, ఎటు పోకూడదో నేర్చుకునేవాళ్లు.

తాత నన్ను అడిగాడు: 'నువ్వూ బెజలాయ్ మనిషివే కదా. ఇంటికెళ్లినప్పుడు ఎవరికి చెప్తావు?'

నాకు వెంటనే జవాబు రాలేదు. మనం ఏం చెప్తాం? విమానాశ్రయంలో దిగుతాం, సెంటు సీసాలు, చాక్లెట్లు పంచుతాం. 'బాగుంది, ఏసీ రూము' అంటాం. మోసపోయిన సంగతి చెప్పం, పరువు. అందుకే మనల్ని ముంచిన ఏజెంటే మన పక్కింటి కుర్రాడినీ ముంచుతాడు.

మనవాళ్లకీ పొడుగిల్లు ఉండేది, అది వేరే రకం. పశ్చిమ మలేషియా రబ్బరు తోటల్లో కూలీ లైన్లు. మన విశాఖ, గంజాం, గోదావరి జిల్లాల నుంచి జనం ఒప్పంద కూలీలుగా, కంగాణీల వెనక మలయా వచ్చారు. ఒప్పంద పద్ధతి 1910లో ఆపారు, కంగాణీ పద్ధతి 1938 దాకా నడిచింది. తోటలో వాళ్లకిచ్చినది కూడా ఒకే కప్పు, వరసగా గదులు. ఒక్కో గది పదీ పన్నెండడుగులు. ముందు సన్నటి వసారా. ఫొటో పక్కపక్కన పెడితే పొడుగిల్లూ కూలీ లైనూ ఒకలాగే ఉంటాయి. కానీ లైను కట్టినది దొర. గది ఎవరికివ్వాలో, ఎవరిని ఖాళీ చేయించాలో చెప్పేది కంపెనీ. పని పోతే గదీ పోతుంది. తెల్లారకుండానే హాజరు కోసం నిలబడాలి. అలాంటి చోటే మనవాళ్లు రామభజన పెట్టుకున్నారు, పిల్లలకి అఆలు నేర్పారు. ఆ లైన్లలో పుట్టినవాళ్ల మనవలు ఇప్పటికీ తెలుగు మాట్లాడుతున్నారంటే ఆ సన్నటి వసారాలోనే ఎవరో కూర్చుని మాట్లాడారన్నమాట.

సరవాక్‌లోనూ మన పక్కవాళ్లు ఉన్నారు. చార్లెస్ బ్రూక్ కాలంలో కూచింగ్ దగ్గర మటాంగ్ కొండ మీద టీ తోట వేసి తమిళ కూలీలని తెచ్చారు. తోట ఎప్పుడో మూతపడింది. అడవిలో వాళ్లు కట్టుకున్న మారియమ్మ గుడి మాత్రం ఉంది.

ఇక మన క్యాంపులు. గల్ఫ్‌లో నేనున్నది అలాంటి పొడుగిల్లే. వంద గదులు, ఒకే వసారా, గదికి పదిమంది, రెండంతస్తుల మంచాలు. తాతకి ఇది చెప్తుంటే, ఎవరికీ చెప్పనిది బయటికొచ్చేసింది.

నాది పై మంచం. కింద మంచం మందస వైపు అబ్బాయిది. ఒక రోజు తెల్లవారుజామున పావుతక్కువ నాలుగుకి అతని ఫోన్ అలారం మోగుతూనే ఉంది. 'ఆపరా బాబూ' అని పైనుంచి అరిచాను. ఆగలేదు. దిగి చూస్తే చల్లగా ఉన్నాడు. నిద్రలోనే గుండె ఆగింది. పోలీసులు, అంబులెన్సు వచ్చాయి. షిఫ్టు ఉన్నవాళ్లు బస్సెక్కండి అన్నారు. నేను ఎక్కాను. ఆ రోజు పదకొండు గంటలు వెల్డింగు చేశాను. మధ్యాహ్నం వాళ్లావిడ ఫోన్ చేసి, 'అన్నయ్యా, ఆయన దగ్గర ఎవరున్నారు' అని అడిగింది. 'అందరం ఇక్కడే ఉన్నాం చెల్లెమ్మా, ఎవరం పనికెళ్లలేదు' అన్నాను. సాయంత్రం వచ్చేసరికి పరుపు చుట్టేసి ఉంది. వారం తిరక్కుండా ఆ మంచం మీదకి కొత్త మనిషి వచ్చాడు. శవం ఊరు చేరడానికి మూడు వారాల పైనే పట్టింది.

నా వచ్చీరాని మలయ్‌లో చెప్పింది తాతకి ఎంత అర్థమైందో తెలీదు. నేస్తం మధ్యలో అందించాడు. తాత కాసేపు ఊరుకుని, వాళ్లింట్లో మనిషి పోతే ఏం చేస్తారో చెప్పాడు. శవాన్ని వాటాలో ఉంచరు. నడవాలోకి తెచ్చి చుట్టూ బట్టలు కట్టి పడుకోబెడతారు. ఇంటిల్లిపాదీ రాత్రుళ్లు కూర్చుంటారు. మట్టి చేసేదాకా ఎవరూ పనిలోకి పోరు. తర్వాత కూడా మైల తీసేదాకా గంటలు మోగవు, పాట ఉండదు. పోయినవాడితో పడనివాళ్లు కూడా అంతే. పొలం పాడైనా అంతే. 'ఒకే కప్పు కదా' అన్నాడు.

ఇదంతా చదివి, పొడుగిల్లు స్వర్గం అనుకోకండి. ఒక వాటాలో నిప్పంటుకుంటే ముప్పై రెండూ పోతాయి. చెక్కవి చాలా అలాగే తగలబడ్డాయి. పక్కవాటా గొడవ అందరికీ వినపడుతుంది. ఆనకట్టలొచ్చి ముంచినవీ ఉన్నాయి. 1985లో బాతాంగ్ ఆయ్ డ్యాం కింద ఇబాన్ల పొడుగిళ్లు పోయాయి. బకున్ డ్యాం కోసం 1990ల చివర్న వేరే తెగలవాళ్లు పదివేల మంది దాకా అసాప్ అనే చోటుకి మారాల్సొచ్చింది. మా వంశధార ముంపు ఊళ్లవాళ్లకి దీని గురించి వేరే చెప్పక్కర్లేదు. పైగా, పండగ అయ్యాక ఆ ఇంట్లో సగం తలుపులకి తాళాలే. కుర్రాళ్లంతా బింటులు, మిరి, జొహోర్‌లో. గావాయ్‌కి నిండుతుంది, జూన్‌లో ఖాళీ అవుతుంది. సంక్రాంతికి మన ఊళ్లు ఎలాగో అలాగ.

మేం తెల్లారి ఆ నడవాలోనే, తలల బుట్టకి దూరంగా, చాపల మీద పడుకుని లేచాం. ఎవరి వాటా ముందు పడుకున్నామో కూడా తెలీదు. ఆ ఇంటావిడ కాఫీ ఇచ్చింది.

క్యాంపుకొచ్చాక రెండు పనులు చేశాను.

మొదటిది, మందస ఫోన్ చేశాను. ఆరేళ్లయింది. 'చెల్లెమ్మా, ఆ రోజు నేను అబద్ధం చెప్పాను, నేను పనిలోకి వెళ్లిపోయాను' అన్నాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, 'నాకప్పుడే తెలుసు అన్నయ్యా. నీ వెనకాల గ్రైండింగు చప్పుడు వినపడింది' అంది. ఆరేళ్లు ఆవిడ కూడా ఎవరికీ చెప్పలేదు. ఈ సంగతి ఇక్కడ రాయొచ్చా అని అడిగాను. పేరు వేయకుండా రాయమంది.

రెండోది, మా వసారా చివర, నీళ్ల ఫిల్టరు దగ్గర, ఒక చాప వేశాం. ఆదివారం సాయంత్రం అక్కడ కూర్చుంటాం. సెలవుకెళ్లి వచ్చినవాడు, కొత్తగా దిగినవాడు ముందు అక్కడ కూర్చుని చెప్పాలి. ఏ ఏజెంటుకి ఎంత కట్టాడు, కాగితంలో ఏముంది, జీతం ఎంత వచ్చింది, దాచకుండా. మొదటి వారం నలుగురం. ఇప్పుడు పదిహేను మంది దాకా వస్తున్నారు, నేపాలీలు కూడా. ప్రతి గది తలుపు వెనక ఒక కాగితం అంటించాం. ఎవరింటికి ముందు ఫోన్ చేయాలో నంబర్లు, రక్తం గ్రూపు. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద వచ్చినవాళ్ల బీమా వివరాలు కూడా రాసుకున్నాం. ప్రవాసీ భారతీయ బీమాలో ప్రమాదంలో పోతే 10 లక్షలు వస్తాయి, చాలామంది ఇళ్లలో ఆ సంగతే తెలీదు. మీ ఇంట్లో చెప్పారా?

ఇంకొకటి అనుకున్నాం. మాలో ఎవరైనా పోతే ఆ రోజు పని ఆపగలమో లేదో మా చేతిలో లేదు. కంపెనీ ఒప్పుకోకపోవచ్చు. కానీ ఆ రాత్రి గదులకి పోకుండా అందరం ఆ చాప మీద కూర్చుంటాం. అది మాత్రం మా చేతిలోనే ఉంది.

మీ క్యాంపులో వసారా ఉందా? అక్కడ ఒక చాప వేసి చూడండి.

ఉంటాను. రేపు ఐదింటికి బస్సు.